నోట్లో నిలవని మందు

మిర్యాలగూడ రైస్ మిల్లులో లెక్కలు రాసేవాడికి ఆస్తమా వచ్చిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే ధాన్యం లారీలు బారులు తీరతాయి, ఊక దుమ్ము నా గది తలుపు మూసినా ఆగదు. నాకు కొన్నేళ్లుగా స్టెరాయిడ్ ఇన్‌హేలర్ నడుస్తోంది. పోయిన సీజన్‌లో దగ్గు ముదిరి, కఫం పట్టి, దాని మీద యాంటీబయాటిక్ కోర్సు కూడా పడింది. దగ్గు తగ్గింది, నోరు పోయింది.

ముందు రుచి తెలియకుండా అయింది. తర్వాత నాలుక మీద, దవడల లోపల తెల్లటి పొర కట్టింది, కారం తగిలితే ప్రాణం పోయినట్టు ఉండేది. మాకు నోరు పొక్కిందంటే ఊళ్లో ప్రతి ఒక్కరూ డాక్టరే. వేడి చేసిందని మా ఆవిడ, జామ చిగుళ్లు నమలమని అమ్మ, బి కాంప్లెక్స్ మింగమని మిల్లులో మిగిలినవాళ్లంతా. జొన్నరొట్టె గరుకు తగిలినా నొప్పే, పచ్చిపులుసు సంగతి చెప్పనే అక్కర్లేదు. చల్లారిన గటక, పెరుగన్నం, అంతే నా తిండి.

మెడికల్ షాపులో అడిగితే నోటి పుండ్లకు రాసే ఒక పేస్ట్ ఇచ్చారు. రాయగానే జిగటగా అతుక్కుంది, నీళ్లు తాగినా చాలాసేపు పోలేదు, మంట కూడా కొంచెం తగ్గినట్టే అనిపించింది. తెల్ల పొర మాత్రం ఇంకా పెరిగి గొంతు దాకా పాకింది, మింగుతుంటే నొప్పి మొదలైంది. అప్పుడు నల్గొండ వెళ్లి డాక్టర్‌కు చూపించాను. ఆయన టార్చి వేసి చూసి, పుల్లతో పొరను గీకితే ఊడివచ్చింది, కింద ఎర్రగా కొద్దిగా రక్తం చెమ్మ. ఆ గీకిందాన్ని స్లైడు మీద పెట్టి పరీక్షకు పంపారు. క్యాండిడా అనే ఫంగస్ అని తేలింది. చాలామంది ఆరోగ్యవంతుల నోట్లోనూ అది కొద్దిగా ఉంటుందట. దాన్ని అదుపులో ఉంచే బాక్టీరియాను యాంటీబయాటిక్ చంపింది, ఇన్‌హేలర్ మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది పోగా మిగిలింది నోట్లో, గొంతులో పేరుకుని అక్కడి రోగనిరోధక శక్తిని తగ్గించింది. ఇక దానికి అడ్డేముంది?

షాపువాళ్లు ఇచ్చిన పేస్ట్ ట్యూబు చూపిస్తే డాక్టర్ తల పట్టుకున్నారు. అందులో ట్రయామ్సినోలోన్, అంటే అదీ స్టెరాయిడే. మామూలు నోటి పుండ్లకు మంచి మందే కానీ ఫంగస్ ఉన్నచోట రాయకూడదు. షుగర్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా రాశారు. ఆ రెండో పేరు కాగితం మీద చూశాక రిపోర్ట్ వచ్చేదాకా నాకున్న టెన్షన్ ఇంతా అంతా కాదు. ఈ జబ్బు పెద్దవాళ్లకు కారణం లేకుండా రాదు కాబట్టి ఎవరికైనా రాస్తామని ఆయన చెప్పారు, అయినా భయం భయమే. రెండూ లేవని వచ్చింది.

మందుగా క్లోట్రిమజోల్ మౌత్ పెయింట్ ఇచ్చారు, అంటే ఫంగస్‌ను చంపే, నోట్లో పూసుకునే మందు. తిన్న తర్వాత చుక్కలు వేసి, వేలితో పూసి, అరగంట ఏమీ తినొద్దు, తాగొద్దు. చెప్పడానికి సులువే. పూసిన నిమిషానికి నోరంతా లాలాజలం ఊరుతుంది, ఉమ్మితే మందు పోతుంది, మింగితే మందు కడుపులోకి పోతుంది. మనిషికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుందట. దానికి తోడు నాలుక ఊరికే ఉండదు, మాట ఆగదు. మిల్లులో లారీ డ్రైవర్లతో మాట్లాడకుండా అరగంట కూర్చోమంటే ఎట్లా?

ఇదంతా మా చెల్లె కూతురితో అంటే అది పకపకా నవ్వింది. అది ఎం.ఫార్మసీ చదువుతోంది, దాని ప్రాజెక్టే ఇదట. "మామా, నీ బాధే నా థీసిస్" అంది. నోటి లోపలి చర్మానికి అతుక్కుని గంటల తరబడి మెల్లగా మందు వదిలే పల్చటి ఫిల్మ్ తయారు చేయడం దాని పని. హెచ్‌పీఎంసీ అనే పొడిని నీళ్లలో నానబెడతారు, అది బెండకాయ జిగురులా అవుతుంది. దాంట్లో మందు, విరిగిపోకుండా కొంచెం గ్లిజరిన్ కలిపి, గాజు పళ్లెంలో పోసి, బుడగలు పోయేదాకా ఆగి ఆరబెడతారు. ఆరాక సన్నటి కాగితంలా ఊడివస్తుంది, చిన్న చిన్న ముక్కలుగా కోస్తారు. తడి తగిలితే ఉబ్బి, నోటి పొర మీది జిగురులో దాని పోగులు చిక్కుకుంటాయి, అదీ అతుక్కోవడం. కొందరు రొయ్య పెంకుల నుంచి తీసే కైటోసాన్ వాడతారు, దాని ధన విద్యుదావేశం (ప్లస్), నోటి పొర మీది రుణ విద్యుదావేశం (మైనస్) ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఒక చిక్కుందట. ఎక్కువ నీరు పీల్చి మరీ ఉబ్బితే జారిపోతుంది. తక్కువ ఉబ్బితే అతుక్కోదు. మందు అంతా నోట్లోకి చిందకుండా వెనక వైపు నీళ్లకు కరగని ఇథైల్ సెల్యులోజ్ పొర వేస్తారు, అప్పుడు మందు చర్మం వైపే పోతుంది.

పరీక్షలు ఇంకా తమాషా. ఒకే చోట మడిచి మడిచి ఎన్నిసార్లకు విరుగుతుందో లెక్కపెడతారు. ఎంత గట్టిగా అతుక్కుందో చూడడానికి మేక దవడ లోపలి పొరకు ఫిల్మ్ అంటించి తక్కెడకు కట్టి, రెండో వైపు బరువు పెంచుకుంటూ పోతారు, ఎన్ని గ్రాములకు ఊడితే అంత బలం. తక్కెడ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, మా మిల్లు పని కదా! దవడ పొర కోసం తలకాయ కొంటే, పొర ల్యాబ్‌కు, మిగిలింది హాస్టల్ పిల్లలకు తలకాయ కూర. నేనేమో పెరుగన్నం తింటూ ఈ కథ విన్నాను.

నాకొక ఫిల్మ్ ఇవ్వమన్నాను. "అది మేకకు పెట్టేది మామా, నీకు కాదు" అంది ఖరాకండిగా. మనిషి నోట్లో పెట్టాలంటే అనుమతులు, ఎథిక్స్ కమిటీ, చాలా తతంగం ఉందట. ఇదే పద్ధతిలో బిళ్ల మాత్రం వచ్చిందని చెప్పింది. మైకోనజోల్ అనే ఫంగస్ మందు, 50 మిల్లీగ్రాములది, అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. కోరపన్ను దగ్గర పై చిగురుకు పెట్టి, పెదవి మీద నుంచి 30 సెకన్లు నొక్కి పట్టుకోవాలి, రోజుకు ఒక్కటే, 14 రోజులు. పాల ప్రొటీన్ పడనివాళ్లకు అది పనికిరాదు. నేను అడిగిన షాపుల్లో దొరకలేదు.

గొంతులోకి దిగింది కాబట్టి పూత చాలదని డాక్టర్ చివరికి ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మాత్రలకు మార్చారు. రాసేముందు షుగర్ మాత్రలు, రక్తం పల్చబడే మాత్రలు ఏమన్నా వాడుతున్నావా అని గుచ్చి గుచ్చి అడిగారు. ఇది తోడైతే రక్తం పల్చబడడానికి వార్ఫరిన్ వాడేవాళ్లకు రక్తస్రావం, షుగర్‌కు గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు షుగర్ పడిపోవడం జరగొచ్చట. మింగిన మందు రక్తంతో వస్తుంది కాబట్టి లాలాజలం దాన్నేమీ చేయలేకపోయింది. కొద్ది రోజుల్లోనే నొప్పి తగ్గింది, పొర మెల్లగా పోయింది. కోర్సు మాత్రం మొత్తం వాడాను.

ఇన్‌హేలర్ మానొద్దన్నారు, మానితే ఆస్తమా తిరగబెడుతుంది. ఇప్పుడు ఇన్‌హేలర్‌కు స్పేసర్ అనే గొట్టం తగిలించి పీలుస్తున్నాను, ప్రతిసారీ నీళ్లతో పుక్కిలించి ఉమ్మేస్తున్నాను. అంతకుముందు ఇన్‌హేలర్ రాసిచ్చిన చోట ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, చెప్పడానికి అర నిమిషం కూడా పట్టదు. మొన్న మిల్లులో ఒక హమాలీ తన నాలుక చూపించాడు, ఇన్‌హేలర్ వాడుతున్నాడు, చేతిలో నాకిచ్చినటువంటి పేస్టే. ట్యూబు లాక్కుని జేబులో వేసుకుని, నా డాక్టర్ చీటీ మీది అడ్రస్ రాసిచ్చాను.