కామెంటరీలో ఆటగాడి రంగు ఎప్పుడు రాయాలి

టెస్టు మ్యాచ్‌లో గంటకు 15 ఓవర్లు పడాలన్నది లెక్క. అంటే 90 బంతులు, బంతికి 40 సెకన్లు. బెంగళూరులో ఆటల యాప్‌ల కోసం తెలుగులో బంతి బంతికీ రాసే మనవాళ్ళు ఆ 40 సెకన్లలోనే బంతి ఎక్కడ పడిందో, బ్యాటర్ ఏం చేశాడో, ఫీల్డర్ ఎవరో, ఎన్ని పరుగులో అన్నీ చెప్పేయాలి. విశేషణాన్ని ఏరుకునే తీరిక ఉండదు. చేతికి అలవాటైన మాటే స్క్రీన్ మీదికి వస్తుంది. వెస్టిండీస్ ఆటగాడు సిక్స్ కొడితే ‘కండబలం’, ఇంగ్లండ్ ఆటగాడు అదే షాట్ కొడితే ‘టైమింగ్’. జాతి అన్న మాట ఎక్కడా రాదు, జాతి మీద మనకున్న అభిప్రాయం మాత్రం రెండు వాక్యాల్లోనూ ఉంటుంది.

ఆటగాడి జాతిని ప్రస్తావిస్తే తప్పా అని డెస్క్‌లో కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. తప్పు కాదు. కొన్నిసార్లు వదిలేయడమే తప్పు. 2016 జనవరిలో కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్ మీద టెంబా బవూమా కొట్టిన సెంచరీ, దక్షిణాఫ్రికా తరఫున ఒక నల్లజాతి ఆఫ్రికన్ చేసిన మొదటి టెస్టు సెంచరీ. అంతకుముందు 1998లో మఖాయా ఎన్తిని ఆ దేశానికి టెస్టు ఆడిన మొదటి నల్లజాతి ఆఫ్రికన్ అయ్యాడు. రంగును బట్టి మనుషుల్ని చట్టం పెట్టి విడదీసిన దేశం అది, ఆ కారణంగానే 1970 నుంచి 1991 దాకా అంతర్జాతీయ క్రికెట్‌కి దూరమైంది. 2025 జూన్‌లో లార్డ్స్‌లో బవూమా కెప్టెన్‌గా ప్రపంచ టెస్టు ఛాంపియన్‌షిప్ గద అందుకున్న రోజున ఈ సంగతి రాయకపోతే చరిత్రకి అన్యాయం చేసినట్టే. అదే బవూమా మరో రోజు కవర్ డ్రైవ్ కొడితే అతని రంగుతో ఏం పని? కాలు ముందుకు వేశాడు, తల బంతి మీదికి వంచాడు, అంతవరకే రాయాలి. ఆ ముక్క తీసేస్తే చదివేవాడికి ఏం తెలియకుండా పోతుందని ప్రతిసారీ మనల్ని మనమే అడగాలి. ఏమీ పోకపోతే తీసేయాలి.

మన నగరంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. న్యూజిలాండ్ ఆటగాడు రచిన్ రవీంద్ర కుటుంబం బెంగళూరు నుంచి వెళ్ళింది. 2023 ప్రపంచకప్‌లో చిన్నస్వామిలో పాకిస్తాన్ మీద అతను 108 కొట్టినప్పుడు ఆ మాట చెప్పడం అందంగానే ఉంటుంది. ఒక్కసారి. ప్రతి ఫోర్‌కీ ‘మన రక్తం’ అని రాస్తే, వెల్లింగ్టన్‌లో పుట్టి పెరిగిన కుర్రాడి సాధననంతా తీసుకెళ్ళి రక్తం ఖాతాలో వేసినట్టు. పొగడ్త కాబట్టి పర్లేదు అనుకోవడం దగ్గరే ఎక్కువమంది పొరపడతారు.

పొగడ్తలో ఏం జరుగుతుందో లెక్క తీసినవాళ్ళున్నారు. 2020లో రన్‌రిపీట్ అనే డెన్మార్క్ సంస్థ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాళ్ళ సంఘంతో కలిసి నాలుగు యూరప్ లీగ్‌లలో 80 మ్యాచ్‌ల ఇంగ్లీషు కామెంటరీని పరిశీలించింది. 643 మంది ఆటగాళ్ళ మీద 2,073 వ్యాఖ్యలు. ముదురు చర్మం ఉన్నవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు కామెంటేటర్లు బలాన్ని ఎత్తుకునే అవకాశం 6.59 రెట్లు ఎక్కువ, వేగాన్ని ఎత్తుకునే అవకాశం 3.38 రెట్లు ఎక్కువ. తెలివి, కష్టపడే తత్వం అన్న మెచ్చుకోళ్ళు ఎక్కువగా తెల్లవాళ్ళకి వెళ్ళాయి. ఆ కామెంటేటర్లలో ఎవరూ ఎవరినీ తిట్టలేదు. మన డెస్క్‌లోనూ ఇలా లెక్క చూడొచ్చు: అయిపోయిన సిరీస్ ఒకటి తీసుకుని, షీట్‌లో ఒక వరుసలో బలం, వేగం, సహజ ప్రతిభ, ఇంకో వరుసలో సాధన, ఆలోచన, వ్యూహం పెట్టి, ఆటగాడివారీగా గీతలు పెట్టుకుంటూ పోవాలి. రాసినవాళ్ళే తమ గీతలు లెక్కపెట్టుకోవాలి, అప్పుడే మాట మారుతుంది.

ఊళ్ళో ‘నల్లోడా’ అని ముద్దుగా పిలుచుకుంటాం కదా అంటారు కొందరు. వెస్టిండీస్ ఆటగాడు డారెన్ సామీ 2013, 2014లో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కి ఆడాడు. జట్టులో తనని ‘కాలూ’ (హిందీలో నల్లోడు) అని పిలిచేవారని, ఆ మాటకి బలమైన గుర్రం అని అర్థమనుకున్నానని, అసలు అర్థం తెలిశాక కోపం వచ్చిందని 2020లో బయటికి చెప్పాడు. ముద్దుపేరంటే పిలిపించుకునేవాడికి దాని అర్థం తెలియాలి, వద్దని చెప్పే చనువుండాలి. బెంగళూరు ఆఫీసుల్లో ‘గుల్టి’ అని, తెలుగువాళ్ళని వెక్కిరించే మాటతో పిలిపించుకున్న తెలుగువాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. నవ్వుతూ అన్నా ఆ మాట మన పనిని పక్కకి నెట్టి మన పుట్టుకని ముందు పెడుతుంది.

పని మ్యాచ్‌కి ముందే మొదలుపెట్టాలి. ప్రతి ఆటగాడికీ ఒక వరుస: తెలుగులో పేరు స్పెల్లింగ్, ఏ చేతివాటం, బౌలింగ్ రకం, మామూలు వేగం, ఊరు, ఒకటి రెండు బలమైన షాట్లు. ఇది ఎదురుగా ఉంటే ‘కరీబియన్ కండలు’ అన్న మాట అవసరం పడదు, ‘లెగ్ సైడ్‌కి జరిగి చోటు చేసుకుని కొట్టాడు’ అన్నది దొరుకుతుంది. కుల్దీప్ యాదవ్ వరుసలో ‘చైనామన్’ కొట్టేసి ‘ఎడమచేతి మణికట్టు స్పిన్నర్’ అని రాయాలి. 1933లో మాంచెస్టర్ టెస్టులో చైనా మూలాలున్న వెస్టిండీస్ బౌలర్ ఎలిస్ అచోంగ్‌కి వికెట్ ఇచ్చుకున్న ఇంగ్లండ్ బ్యాటర్ చిరాకుగా అన్నదే ఆ మాటకి మూలమని చెబుతారు. క్రికెట్ వివరాలన్నీ ఇచ్చే విజ్డెన్ వార్షిక సంచిక 2018లో దాన్ని మానేసింది.

కంఠీరవ స్టేడియంలో ఫుట్‌బాల్ రాసేటప్పుడు చిక్కు ఇంకోలా వస్తుంది. మణిపూర్, మిజోరం కుర్రాళ్ళిద్దరు ఒకే వైపు ఆడుతుంటే కొత్తవాళ్ళు ఒకరికి బదులు ఇంకొకరి పేరు వేసేస్తారు. ఇద్దరు ఆఫ్రికా ఆటగాళ్ళున్నా అంతే. ముఖం చూసి గుర్తుపట్టొద్దు. చొక్కా నంబరు, ఆడే చోటు, ఏ కాలితో తంతున్నాడు, బూట్ల రంగు చూడాలి. తేలకపోతే ‘బెంగళూరు డిఫెండర్’ అని రాసి రీప్లే వచ్చాక పేరు చేర్చాలి.

పాఠకుల వ్యాఖ్యలకి పెట్టే ఫిల్టర్‌లో ‘నల్ల’ అన్న అక్షరాలు వేస్తే పని జరగదు. నల్లరేగడి పిచ్ గురించిన చర్చంతా ఆగిపోతుంది. ‘నల్ల బౌలింగ్’ అని మెచ్చుకున్న తమిళ అభిమాని వ్యాఖ్య కూడా పోతుంది, తమిళంలో నల్ల అంటే మంచి. జంతువుల పేర్లతో చేసే వెక్కిరింత మాత్రం దర్జాగా దాటిపోతుంది. వ్యాఖ్యల్ని మనిషే చూడాలి.

మైకు ఎప్పుడూ తెరిచే ఉందనుకోవాలి. 2006లో కొలంబోలో ప్రకటనల విరామం అనుకుని దక్షిణాఫ్రికా ముస్లిం ఆటగాడు హషీమ్ ఆమ్లాని ‘టెర్రరిస్ట్’ అన్న కామెంటేటర్ డీన్ జోన్స్ మాట ప్రసారమైపోయి ఉద్యోగం పోయింది. వికెట్ల దగ్గర పెట్టే స్టంప్ మైకు సంగతి ఇంకా కష్టం. 2019లో డర్బన్‌లో పాకిస్తాన్ కెప్టెన్ సర్ఫరాజ్ అహ్మద్, దక్షిణాఫ్రికా ఆటగాడు ఆండిలె ఫెలుక్వాయోని రంగు ఎత్తి అన్న మాట అందరికీ వినిపించింది. అర్థమేంటని తోటి కామెంటేటర్ అడిగితే రమీజ్ రాజా పెద్ద వాక్యం, అనువదించడం కష్టం అని దాటేశాడు. తర్వాత ఐసీసీ సర్ఫరాజ్‌పై నాలుగు మ్యాచ్‌ల నిషేధం వేసింది. అలాంటప్పుడు దాటేయడం సరికాదు. ప్రత్యర్థి రంగు మీద వ్యాఖ్య వినిపించిందని, నిర్ణయం మ్యాచ్ రిఫరీ చేతిలో ఉందని ఒక్క వాక్యం రాయాలి. ఆ మాటను మాత్రం అక్షరం అక్షరం దింపొద్దు.

తప్పు వాక్యం వెళ్ళిపోతే చప్పుడు చేయకుండా చెరిపేయడం సరిపోదు. అప్పటికే స్క్రీన్‌షాట్ ఎవరో తీసే ఉంటారు. అదే బంతి కింద సరిచేసిన వాక్యం పెట్టి, సవరించామని రాయాలి. హైలైట్స్ వీడియో శీర్షిక పాత వాక్యం నుంచే తీసి ఉంటుంది, దాన్ని విడిగా మార్చాలి. ఫోన్లకి వెళ్ళిపోయిన నోటిఫికేషన్‌ని మాత్రం వెనక్కి లాగలేం. అందుకే జాతి, మూలం ప్రస్తావన ఉన్న వాక్యాన్ని, అది ఎంత నిజమైనా, ఇంకొకరు చదవకుండా నోటిఫికేషన్‌గా పంపకూడదు.