నిమ్మ టైపట!

లైటార్పమని ఆయన గొణుగుతూనే ఉన్నారు. ఇది రాసేస్తే గానీ నాకు నిద్ర పట్టేలా లేదు.

సాయంత్రం లిఫ్టులో పై అంతస్తావిడ కలిసింది. అదే, అడక్కుండానే సలహాలిచ్చే ఆవిడ. ఓసారి గాలి పీల్చి, "ఇదేంటండీ, ఇది మీరు వేసుకునే సెంటు కాదే! ఇలాంటివి నెమ్మదస్తులకి నప్పుతాయి. మీది నిమ్మ టైపు" అంది. నవ్వి ఊరుకున్నాను. అలా ఊరుకున్నందుకే ఇప్పుడీ ఉడుకుమోత్తనం.

నిమ్మ టైపంటే ఏంటట? చురుగ్గా ఉంటాననా, పుల్లవిరుపుగా మాట్లాడతాననా? అడిగేలోపే వాళ్ళ అంతస్తు వచ్చేసింది. మా చిన్నది ఇచ్చిన ఈ రోల్ ఆన్ సెంటు అట్టపెట్టె మీదా ఇదే వరస: "తనేంటో తనకు తెలిసిన స్త్రీకి". నేనేంటో నాకు తెలిస్తే ఈ వేళప్పుడు ఇలా టైపు చేసుకుంటూ కూర్చుంటానా!

సీసా మీద ఆంబర్ అని ఉంది. పరిమళాల వాళ్ళు ఆంబర్ అనేది ఏదో ఒక పదార్థం కాదు. లాబ్డనమ్ అనే మొక్క జిగురు, సాంబ్రాణి, వెనిల్లా లాంటివి కలిపి కట్టే వాసన. తిమింగలం కడుపులో పుట్టే ఆంబర్‌గ్రీస్ వేరు. వెనిల్లా వాసనకి అసలు కారణమైన వెనిలిన్‌ని 1874లోనే ప్రయోగశాలలో తయారు చేసేశారు. అంటే ఆ వెచ్చదనం మొత్తం ఎవరో పనిగట్టుకుని కూర్చింది. అందులోకి నా స్వభావం ఎట్నుంచి దూరిందో ఆవిడే చెప్పాలి.

అంతేనా! ఆండ్రోస్టెనోన్ అని ఒక రసాయనం ఉంది. అది కొందరికి చెమట కంపు, కొందరికి తియ్యటి వాసన, ఇంకొందరికి అసలేమీ తెలీదు. ముక్కులో వాసన పట్టే గ్రాహకాల జన్యువుల్లో తేడాలు అందుకొక కారణం. ఒకే అణువు ముగ్గురికి మూడు రకాలుగా తగులుతుంటే, ఆవిడ ముక్కు మాత్రం నా గుణగణాలు తేల్చేస్తుందా? ఈ పాయింటు లిఫ్టులో తట్టి ఉంటేనా! నాకెప్పుడూ ఇంతే, జవాబులన్నీ రాత్రి పదింటికి తడతాయి.

పెద్దమ్మ దగ్గర ఇలాంటి వాసనే వచ్చేది. చిన్న గాజు సీసా, మూతకే అతుక్కున్న గాజు పుల్ల. ఆ పుల్లతో మోచేతి మడతలో ఒక్క గీత గీసుకునేది, అంతే. అలాంటి నూనె సెంట్లో స్పిరిటుండదు కాబట్టి స్ప్రేలాగా గదంతా కమ్మెయ్యదు. ఒంటి వేడికి కాస్త కాస్తగా పైకి లేస్తుంది, దగ్గరికెళ్ళిన వాళ్ళకే తెలుస్తుంది. నేను వెళ్ళేదాన్ని. ఏదో ఒక పుస్తకం పట్టుకుని ఆవిడ భుజానికి జారబడేదాన్ని. తను పద్దులు రాసుకుంటూ ఉండేది. పేజీ తిప్పడానికి చెయ్యి కదిలినప్పుడల్లా ఆ వాసన ఒకసారి తేలి వచ్చేది. చదువుతున్న కథ ఏమిటో ఒక్కటీ గుర్తు లేదు గానీ ఆ చెయ్యి కదలడం గుర్తుంది. అంత నెమ్మదైన మనిషిని మళ్ళీ చూడలేదని ఎన్నిసార్లు చెప్పుకున్నానో.

ఇందాక అక్కకి ఫోన్ చేసి ఇదే అంటే పగలబడి నవ్వింది. "నెమ్మదా? ఎవరే, పెద్దమ్మా? ఎక్కం తప్పు చెప్పావని నీ చెవి మెలేసి ఏడిపించింది ఆవిడేగా! పెదనాన్నే ఎదురుచెప్పేవాడు కాదు." చెవి సంగతి నాకూ గుర్తే. ఆ వేళ్ళు పెద్దమ్మవని మాత్రం గుర్తు లేదు.

చూశావా, మనిషికీ వాసనకీ సంబంధమే లేదు, నిప్పులాంటి ఆవిడ పూసుకున్నదీ ఇదే అని గెలిచినట్టుగా ఫోన్ పెట్టేశాను. గెలిచానన్న ముచ్చట మంచినీళ్ళు తాగేలోపే పోయింది. వాసన మిగతా ఇంద్రియాల కబుర్లలా మెదడులో థాలమస్ అనే మజిలీ దగ్గర ఆగకుండా, జ్ఞాపకాలూ ఉద్వేగాలూ ఉండే వైపుకి సూటిగా వెళ్తుందంటారు. అలా వెళ్ళి పెద్దమ్మని నాకోసం మెత్తగా చేసి పెట్టిందనుకుందాం. మరి ఆవిడ? పూసుకున్న కాసేపటికే ఎవరి వాసన వాళ్ళ ముక్కుకి అలవాటైపోతుంది. దూరంగా ఉన్నవాళ్ళకి అందదు. ఇక మిగిలింది భుజానికి జారబడేవాళ్ళే. ఇంట్లో అలా జారబడే ధైర్యం నాకొక్కదానికే ఉండేదని అక్కే అంది. మరి రోజూ గుర్తుపెట్టుకుని ఆ గీత ఎవరికోసం గీసుకునేది? కోపం ఎంత నిజమో అదీ అంతే నిజమేమో.

అలాగైతే పై అంతస్తావిడ మాటలోనూ ఎంతో కొంత ఉందని ఒప్పుకోవాలి. ఒప్పుకోను. పెద్దమ్మ సంగతి వేరు. అయినా లిఫ్టులో నాకంత దగ్గరగా నిలబడమని ఆవిడకెవరు చెప్పారు?

చివరికి చిన్నదాని గదిలోకే వెళ్ళి నిలదీశాను, నన్ను చూస్తే నీకీ వాసన ఎలా తట్టిందే అని. చెవుల్లో ఇయర్‌ఫోన్లు కూడా తియ్యకుండా "సీసా బావుందమ్మా" అంది.