నొక్కితే పలికే రేడియో: మందిరం వెనుక గదిలో పన్నెండు వారాల పని

మొదటి వారం

ఆదివారం ఆరాధనకు రాలేని 17 మంది పేర్లున్న కాగితం ఒకటి నా బల్ల మీద ఉంది. మా స్త్రీల సమాజం వాళ్లు ఇల్లిల్లూ తిరిగి రాసుకొచ్చారు. పక్షవాతంతో మంచాన పడ్డవాళ్లు, తుంటి ఎముక విరిగినవాళ్లు, డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లు, వాళ్లను కనిపెట్టుకొని ఉండాల్సి వచ్చి తామూ రాలేకపోతున్న కోడళ్లు. చీరాలకు దగ్గర్లో ఉన్న మా ఊళ్లో రేడియో పెడదామన్న ఆలోచన ఈ కాగితం దగ్గరే మొదలైంది. పాస్టరుగారు విని, సండే స్కూలు సామాన్లు పెట్టుకునే వెనుక గది తాళం నా చేతికిచ్చారు.

నాకు రేడియో పిచ్చి అంటించింది మా తాతయ్య. వరండాలో కూర్చుని షార్ట్‌వేవ్ ముల్లును వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపి, గరగరల మధ్య నుంచి తెలుగు వాక్య ప్రసంగం పట్టుకునేవారు. ఆ గొంతు హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవుల నుంచి వస్తోందని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఫెబా అనే క్రైస్తవ రేడియో సంస్థ 1970లో అక్కడి నుంచి ప్రసారాలు మొదలుపెట్టి 2003లో ఆపేసింది. యాంటెన్నా స్తంభాలను సముద్రంలో పగడపు దిబ్బ మీదే నాటారట. అంత దూరం నుంచి వచ్చిన మాట మా వరండాలోకి చేరినప్పుడు, మందిరంలో చెప్పిన మాట రెండు వీధుల అవతల మంచం మీద ఉన్నవాళ్లకు చేరకపోవడం నన్ను నిలవనివ్వలేదు.

రెండో వారం: ఎఫ్‌ఎం ఎందుకు కాదు

యవనస్థుల్లో ఒకరు ఇంటర్నెట్‌లో దొరికే చవక ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ కిట్ చూపించి ఇది చాలు అన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. ఊరంతా వినిపించే ట్రాన్స్‌మిటర్‌ను లైసెన్సు లేకుండా నడపడం మన దేశంలో నేరం. పైగా ఎఫ్‌ఎం పట్టీ 108 మెగాహెర్ట్జ్ దగ్గర ముగిస్తే విమానాల రేడియో అక్కడి నుంచే మొదలవుతుంది. నాసిరకం కిట్లు పక్క పౌనఃపున్యాల్లోకి కూడా చిమ్ముతాయి. దేవుని మాట వినిపించడానికి అలాంటి దారి పట్టకూడదు.

సక్రమమైన దారి కూడా చూశాం. 2006 నాటి మార్గదర్శకాల ప్రకారం, కనీసం 3 ఏళ్లు సమాజంలో పనిచేసిన లాభాపేక్ష లేని సంస్థలు కమ్యూనిటీ రేడియోకు దరఖాస్తు చేసుకోవచ్చు. ప్రసార శక్తి మామూలుగా 100 వాట్లు, యాంటెన్నా ఎత్తు 30 మీటర్లు మించకూడదు. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా తయారు కావాలి. అవి వ్యవసాయం, ఆరోగ్యం, విద్య, సంస్కృతి వంటి ఊరందరి అవసరాలకు ఉద్దేశించినవి. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళలు 2008 నుంచి నడుపుతున్న సంఘం రేడియో ఆ బాటలో ఎంత చేయవచ్చో చూపించింది. మేము వినిపించాలనుకున్నది ముఖ్యంగా ఆరాధన, వాక్యం, కీర్తనలు. ఆ లైసెన్సు ఉద్దేశం వేరు, మా పని వేరు. కాబట్టి ఇంటర్నెట్ రేడియో అని తేల్చుకున్నాం.

మూడు, నాలుగు వారాలు: సర్వర్

అద్దెకు 4 జీబీ మెమరీ ఉన్న చిన్న సర్వర్ తీసుకొని అజురాకాస్ట్ వేశాను. ఇంటర్నెట్ రేడియో నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. దాని లోపల లిక్విడ్‌సోప్ పాటల వరుసను, కార్యక్రమాల వేళలను చూసుకుంటే, ఐస్‌కాస్ట్ ఆ శబ్దాన్ని వినేవాళ్లందరికీ పంచుతుంది. ఆదివారం ప్రత్యక్ష ప్రసారానికి మందిరంలోని ల్యాప్‌టాప్ నుంచి బట్ అనే చిన్న ప్రోగ్రాం ద్వారా సర్వర్‌కు కలుపుతాం.

సర్వర్‌ను ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా అని అడిగారు. లెక్క చెబుతాను. మోనోలో సెకనుకు 64 కిలోబిట్ల ఎంపీ3 ప్రసారానికి ఒక్కో శ్రోతకు గంటకు 28.8 ఎంబీ అవుతుంది. ఒకేసారి 50 మంది వింటే సెకనుకు 3.2 మెగాబిట్లు. ఇంటి ఫైబర్ కనెక్షనుకు ఇది పెద్ద భారం కాదు. కరెంటు పోవడమే అసలు ఇబ్బంది. రేడియో అర్ధరాత్రి ఆగకూడదు, ముఖ్యంగా నిద్రపట్టని రోగుల కోసం. అందుకే సర్వర్ బయట ఉంది. మందిరంలో రౌటర్‌కు మాత్రం 12 వోల్టుల చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టాం.

డేటా తక్కువ ఉన్నవాళ్ల కోసం ఏఏసీ అనే ఇంకో ఆడియో పద్ధతిలో 32 కిలోబిట్ల రెండో ప్రసారం కూడా ఇచ్చాం. గంటకు 14.4 ఎంబీ. మాట స్పష్టంగానే ఉంటుంది. క్వయర్ పాడినప్పుడు తాళాల మోత కాస్త మొద్దుబారుతుంది, సర్దుకోవచ్చు.

ఒక చిక్కు: ఐస్‌కాస్ట్ మామూలుగా 8000 నంబరు పోర్టు (ఇంటర్నెట్‌లో డేటా వచ్చిపోయే దారి) మీద మాట్లాడుతుంది. కొన్ని నెట్‌వర్కుల్లో అది మూసి ఉంటుంది. మొదటి పరీక్షలో ముగ్గురికి ఏమీ వినిపించకపోవడానికి కారణం అదే. మామూలు వెబ్ పేజీలు వచ్చే 443 దారిలోకి ప్రసారాన్ని మళ్లించాక అందరికీ పలికింది.

అయిదో వారం: గది

వెనుక గదిలో చప్పట్లు కొడితే గోడలు తిరిగి చప్పట్లు కొట్టేవి. ఖరీదైన ఫోమ్ కొనే డబ్బు లేదు. స్త్రీల సమాజం వాళ్లు పాత చీరలతో కుట్టిన బొంతలు 6 తెచ్చారు. రెండు గోడలకు తాళ్లు కట్టి, గోడకు బెత్తెడు ఎడంగా వేలాడదీశాం. ఆ ఎడం ముఖ్యం, గోడకు అంటుకుంటే అంతగా పనిచేయవు. ఇనుప బీరువా బయటికి పోయింది, కింద చాపలు వచ్చాయి. సీలింగ్ ఫ్యాన్ ఆపి రికార్డు చేయాలి కాబట్టి ఒక్కో విడత 15 నిమిషాలకు మించదు. ఎండాకాలంలో అంతకంటే ఎక్కువ అడగడం న్యాయం కాదు.

గోడ అవతల మగ్గం ఉంది. నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు ప్రతి రికార్డింగులోనూ పడుతోంది. ఆయన జీవనం అది, ఆపమని అడగలేం. ఆయన భోజనానికి లేచే వేళ కనుక్కొని, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా మా రికార్డింగు వేళగా పెట్టుకున్నాం.

మైకు డైనమిక్ రకం. కండెన్సర్ మైకు ఇంకా చక్కగా పలుకుతుందంటారు. కానీ మా గదిలో అది వీధి కుక్కను కూడా చక్కగా పలికిస్తుంది. నోటికి నాలుగు వేళ్ల దూరంలో, కొంచెం పక్కకు పెట్టాలి. ఎందుకంటే మన వాక్యంలో ప్రభువు, పరిశుద్ధుడు, పరలోకం, పాపము అన్నీ పకారాలే. ఎదురుగా పెడితే ప్రతి పకారానికీ మైకు మీద గాలి కొట్టి డబ్బుమంటుంది. ఎంబ్రాయిడరీ చట్రానికి పలుచని సాక్సు గుడ్డ బిగించి మైకు ముందు నిలబెట్టాం. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో 80 హెర్ట్జ్ కింది గుడగుడలు కోసేసి, అన్ని ఫైళ్లనూ ఒకే బిగ్గరతనానికి, మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు (బిగ్గరతనాన్ని కొలిచే ప్రమాణం అది), తెస్తున్నాం. ఈ సమం చేయడం మానేస్తే ప్రార్థన వినడానికి శబ్దం పెంచిన పెద్దావిడ తర్వాతి పాటకు ఉలిక్కిపడుతుంది.

ఆరో వారం: మనుషులు, హక్కులు

మొత్తం 11 మందిమి. రిటైరైన టీచరమ్మ ఒకరు, ఆటో నడిపే అన్నయ్య, నర్సు అక్క, డిగ్రీ చదివే ఇద్దరు తమ్ముళ్లు, క్వయర్ నుంచి కొందరు. జీతం ఎవరికీ లేదు. వారానికి రెండు విడతలకు మించి ఎవరి మీదా పెట్టకూడదని, ఎవరూ ఒంటరిగా గదిలో ఉండకుండా జంటగా పనిచేయాలని నియమం రాసుకున్నాం. ఆటో అన్నయ్యకు చదవడం కష్టం, కానీ సాక్ష్యం చెబితే మనసుకు తగులుతుంది. ఆయనకు కాగితం ఇవ్వం. టీచరమ్మ మాత్రం పాత బైబిలు అనువాదంలోని పొడవాటి వాక్యాలను ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో పెన్సిలుతో గీతలు గీసి అందరికీ నేర్పుతున్నారు. ఆ గీతల వల్ల వచ్చిన మార్పు ఏ సాఫ్ట్‌వేరూ తేలేదు.

పాటల విషయంలో చాలామంది పొరబడే చోటు ఇది. మార్కెట్లో దొరికే క్రైస్తవ పాటల సీడీలు, ఇంటర్నెట్ పాటలు మనవే కదా అని వేసేయకూడదు. మన చట్టంలో రచనకు రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు హక్కులుంటాయి. రికార్డింగుకు, అది విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు, వేరే హక్కు ఉంటుంది. ఎన్నో తెలుగు క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు 1890లో కన్నుమూశారు కనుక ఆయన కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. నిన్నమొన్న ఎవరో పాడి రికార్డు చేసిన అవే కీర్తనలను మాత్రం అడగకుండా వేయలేం. అందుకే ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అనే పాటల పుస్తకం నుంచి పాతవి ఎంచుకొని మా క్వయర్‌తోనే పాడించి, హార్మోనియం, తబలాతో ఇప్పటికి 42 రికార్డు చేశాం. బైబిలు అనువాదానికి కూడా హక్కులుంటాయి కాబట్టి ప్రచురణకర్తకు ఉత్తరం రాశాం.

ఎనిమిదో వారం: ప్రసారం మొదలు

ఉదయం 5 గంటలకు ప్రార్థనతో మొదలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట మైకు వాడకూడదన్న నిబంధన ఉంది. రేడియోలో ఆ చిక్కు లేదు. వినాలనుకున్నవాళ్ల గదిలోనే పలుకుతుంది, పక్కింటివాళ్ల నిద్ర చెడదు. ఇది నాకు చాలా తృప్తినిచ్చిన విషయం.

ఆదివారం మందిరం మిక్సర్ నుంచి ల్యాప్‌టాప్‌కు తీగ కలిపితే ఒకటే హమ్మని రొద. రెండింటికీ వేర్వేరు ప్లగ్గుల నుంచి ఎర్త్ రావడమే కారణం. మధ్యలో ఆ రెండింటినీ విడదీసి శబ్దాన్ని మాత్రం దాటించే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టగానే పోయింది.

ఒక తప్పు చేశాం. ప్రార్థన విన్నపాలు చదువుతూ ఒక చెల్లెలి పేరు, ఆమె జబ్బు పేరు రెండూ చదివేశాం. మందిరంలో నలుగురి మధ్య చెప్పుకున్న మాట రేడియోలో ఊరందరి నోట పడింది. ఆమె ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాం. ఆమె మమ్మల్ని మన్నించింది. ఇప్పుడు విన్నపం చీటీ మీద "రేడియోలో చదవవచ్చా" అన్న గడి ఉంది. విన్నపం ఎవరిదో వాళ్లు ఒప్పుకుంటే తప్ప పేరు లేదు, ఒప్పుకున్నా జబ్బు పేరు లేదు.

ఇంకొకటి: ఒక రాత్రి పాటల వరుసలో పాడైన ఫైలు పడి మూడు గంటలు నిశ్శబ్దం. ఉదయం ఒక కోడలు ఫోను చేసి, "అత్తయ్య రాత్రంతా ఎదురుచూసింది" అని చెప్పేదాకా మాకు తెలియదు. ఇప్పుడు 20 సెకన్లు నిశ్శబ్దం వస్తే లిక్విడ్‌సోప్ దానంతట అదే కీర్తనల జాబితాలోకి మారి, మాలో ఇద్దరి ఫోన్లకు సందేశం పంపుతుంది.

తొమ్మిది నుంచి పన్నెండో వారం: కార్డు పెట్టెలు

ప్రసారం మొదలైన రెండో ఆదివారం ఆ 17 పేర్ల కాగితం పట్టుకొని ఇళ్లకు వెళ్లాం. వింటున్నవాళ్లు 6 మంది. మిగిలిన 11 మందిలో కొందరివి బటన్ల ఫోన్లు. కొందరి ఇంట్లో స్మార్ట్ ఫోను ఉన్నా అది పగలంతా మనవడి జేబులో ఉంటుంది. శ్రోతల లెక్కలో అమెరికా, కువైట్ కనిపించి మేము సంతోషిస్తూ ఉంటే, ఎవరి కోసం మొదలుపెట్టామో వాళ్లే బయట ఉండిపోయారు. ఆ రోజు ఇంటికొచ్చి సరిగా తిండి తినలేదు.

మా తాతయ్య రేడియోకు లింకు నొక్కడం, యాప్ వేసుకోవడం ఏవీ లేవు. ఒక చక్రం తిప్పితే పలికేది. అదే కావాలి. మొదట పాత ట్రాన్సిస్టర్ డొక్కులో రాస్ప్‌బెర్రీ పై జీరో అనే బుల్లి కంప్యూటర్ పెట్టి, చిన్న ఆంప్లిఫయర్, స్పీకర్ కలిపి, ఒక్క మీటతో మా స్టేషన్ పలికేలా చేశాను. బాగా పనిచేసింది. అయితే ఆ ఇళ్లలో ఒక్కదానిలో తప్ప వైఫై లేదు, ఒక్కో ఇంటికీ ఇంటర్నెట్ డాంగిల్, నెలనెలా రీఛార్జి మా వల్ల కాదు. ఆ ఒక్క పెట్టె ఇప్పుడు వైఫై ఉన్న ఆ ఒక్క ఇంట్లో ఉంది.

మిగిలినవాళ్లకు దారి సంతల్లో అమ్మే మెమరీ కార్డు స్పీకర్ పెట్టెల్లో దొరికింది. రోజుకు 5 గంటల కార్యక్రమాలు, వారానికి 35 గంటలు. 64 కిలోబిట్ల చొప్పున దాదాపు 1 జీబీ. కార్డు 2 జీబీది ఉన్నా వారమంతా సరిపోతుంది. కార్డును అలాంటి పెట్టెలు చదవగలిగే ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. ఇక్కడ నాకు రెండు రాత్రులు పట్టిన విషయం ఒకటుంది. మేము కొన్న పెట్టెలు ఫైళ్లను పేరు వరుసలో పాడవు, కార్డులోకి ఏది ముందు చేరితే దాన్ని ముందు పాడతాయి. 001, 002 అని పేర్లు పెట్టినా, అన్నీ ఒకేసారి ఎక్కిస్తే సోమవారం ప్రార్థన గురువారం వాక్యం తర్వాత వచ్చింది. వరుస ప్రకారం ఒక్కొక్క ఫైలునే ఎక్కించే చిన్న స్క్రిప్టు రాశాక కుదిరింది. కార్డు చొప్పున 10 నిమిషాల పని. పెట్టె మీద ఆడించే మీటకు మాత్రం ఎర్రటి గోళ్ల రంగు పూశాం, చూపు తగ్గినవాళ్లకు కనిపించేలా.

శనివారం సాయంత్రం డిగ్రీ తమ్ముళ్లిద్దరూ సైకిళ్ల మీద 10 ఇళ్లకు వెళ్లి పాత కార్డు తీసుకొని కొత్తది పెట్టి వస్తున్నారు. పెద్దవాళ్లు వాళ్లను ఊరికే పంపరు. మజ్జిగ ఇస్తారు, కూర్చోబెడతారు, తమ మాట కూడా వినమంటారు. దాంతో తమ్ముళ్లు ఫోనులో రికార్డు చేసుకురావడం మొదలుపెట్టారు. అలా వచ్చిన ప్రార్థనలు, జ్ఞాపకాలు కలిపి బుధవారం అరగంట కార్యక్రమం అయింది. గడప దాటలేని వాళ్లు ఒకరి గొంతు ఒకరు వింటున్నారు. ఎనిమిదేళ్లుగా కలుసుకోని ఇద్దరు వియ్యపురాళ్లు ఇప్పుడు కార్డుల మీద ఒకరికొకరు వందనాలు చెప్పుకుంటున్నారు.

ఈ శనివారం వచ్చిన రికార్డింగు ఒకటి ఇంకా నా చెవుల్లో ఉంది. 80 దాటిన ఒక అమ్మమ్మ, మా క్వయర్ ఇప్పటికే రికార్డు చేసిన కీర్తననే పూర్తిగా వేరే రాగంలో పాడింది. తన చిన్నప్పుడు పొలం పనికి వెళుతూ పాడుకున్న వరస అట. హార్మోనియం వాయించే మామయ్య నాలుగుసార్లు విని, ఈ వరస తనకు తెలియదన్నారు. వెనుక ఎక్కడో కోడి కూత, ఫ్యాన్ రొద ఉన్నాయి. శుభ్రం చేయబోయి ఆగిపోయాను, ఫ్యాన్‌తో పాటు ఆమె ఊపిరి కూడా పోతోంది. వచ్చే మంగళవారం మంచి మైకు, బ్యాటరీ రికార్డరు తీసుకొని టీచరమ్మ, మామయ్య, నేను ఆమె ఇంటికే వెళుతున్నాం. ఆమెకు ఇంకో తొమ్మిది కీర్తనలు ఆ పాత వరసల్లో వచ్చట.