ఓరచూపు

ఆదివారం, రాత్రి

సాయంత్రమంతా అమ్మాయి చేత ఇంగ్లీషు పదాలు అప్పజెప్పించుకోవడంతోనే సరిపోయింది. రేపు పరీక్షట. ఇన్‌స్పెక్ట్ చెప్పింది. ఎక్స్‌పెక్ట్ దగ్గర ఆగింది. సస్పెక్ట్‌కి వచ్చేసరికి ఎక్స్‌పెక్ట్ అర్థం అంటగట్టింది. మూడోసారీ అంతే. విసుక్కోబోయి తమాయించుకున్నాను. ఆ వయసులో నేనూ గోడకేసి చూస్తూ బట్టీ పట్టినదాన్నే.

పుస్తకం మూసి, "ఇవన్నీ చూపులేనే" అన్నాను. లాటిన్‌లో స్పెకెరె అంటే చూడటం. లోపలికి చూస్తే ఇన్‌స్పెక్ట్. బయటికి చూస్తే ఎక్స్‌పెక్ట్. ఎవరైనా వస్తారంటే గుమ్మంలో నిలబడి వీధిలోకి చూడమూ? మనం ఎదురుచూపు అన్నాం, వాళ్ళు బయటిచూపు అన్నారు. వెనక్కి తిరిగి మళ్ళీ చూస్తే రెస్పెక్ట్. కిందనుంచి చూస్తే సస్పెక్ట్.

"కిందనుంచా? అదెలా?"

తల వంచి, కనుబొమల కిందనుంచి ఓరగా చూసి చూపించాను.

"ఓ! హోంవర్క్ అయిపోయిందంటే నువ్వు చూసే చూపు!"

అదే. ఇక జన్మలో మర్చిపోదు. డిస్పైజ్ కూడా ఆ ఇంటిదే, పైనుంచి కిందికి చూడటం. దానికి మన 'చిన్నచూపు' వెతక్కుండానే నోటికొచ్చింది.

తెలుగులో ఇలాంటివి లేవా అంది. నూనె గురించి చెప్పాను. నువ్వుల నెయ్యే నూనె అయింది. సంస్కృతంలోనూ తిలలంటే నువ్వులు, వాటినుంచి వచ్చింది తైలం. ఆయిల్ అన్న మాట గ్రీకుల ఆలివ్ చెట్టుది. ఎవరికి దొరికింది వాళ్ళు పిండుకుని, ఆ పేరే అన్నిటికీ పెట్టేసుకున్నారు. "అయితే కొబ్బరినూనె అంటే కొబ్బరి నువ్వుల నెయ్యా?" అని పడీపడీ నవ్వింది.

ఆ ఊపులో తెలుగు నోట్సు కూడా తెరిచాను. మళ్ళీ 'విధ్యార్థి'! విద్ అంటే తెలుసుకోవడం, వేదం, విద్య, విద్వాంసుడు అన్నీ అందులోంచే, వీటిలో ఎక్కడైనా 'ధ' ఉందా చూడమన్నాను. చూసి, చెరిపి, దిద్దుకుంది.

ఈ మంత్రం అన్నిచోట్లా పారదనుకోండి. ప్రవీణుడంటే వీణ బాగా వాయించేవాడని వ్యుత్పత్తి చెబుతారు. ఇప్పుడు లెక్కల్లో ప్రవీణుడికి వీణతో పనేముంది?

నేను అక్కడితో ఆగాల్సింది. సిన్సియర్ అంటే 'మైనం లేనిది' అని, శిల్పాల పగుళ్ళు మైనంతో పూడ్చి మోసం చేసేవాళ్ళుండేవారని, ఎప్పుడో విన్న కథ కూడా చెప్పేశాను. అది పడుకున్నాక అనుమానమొచ్చి నిఘంటువు తీశాను. కట్టుకథట. లాటిన్ మాట సింకేరుస్‌కి స్వచ్ఛమైనది అనే అర్థం, మైనం ఊసే లేదు.

వెళ్ళి లేపి చెప్పాను. "పోనీలే అమ్మా, అర్థం గుర్తుంది కదా" అని అటు తిరిగి పడుకుంది.

పొద్దున బడికి వెళ్ళేలోపు ఇంకోసారి చెప్పాలి. లేకపోతే క్లాసు మొత్తానికీ మైనం పూసి వస్తుంది.