నిలబడి వాయించడం

మా మాస్టారు నాకు మొదటి రోజు నేర్పింది వాయించడం కాదు, కూర్చోవడం. కుడికాలు కాస్త ముందుకు చాపి, వయొలిన్ తల మడమ దగ్గర ఆనించి, రెండో కొస గుండెకు ఆనించుకుని కూర్చోవాలి. పద్నాలుగేళ్లు అలాగే వాయించాను. బెజవాడ సత్యనారాయణపురంలో మా ఇంటి ముందుగదిలోనూ, ఘంటసాల సంగీత కళాశాలలోనూ, ఆరాధన పందిళ్లలోనూ చాప మీద కూర్చునే వాయించాను. ఇరవయ్యారో ఏట, ఇటలీలోని జెనోవా రేవులో ఆగిన ఓడలో, గాజు మెట్ల పక్కన నల్లగౌను వేసుకుని నిలబడి వాయించాను. ఈ రెంటికీ మధ్య మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లూ ఎలా గడిచాయని సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు అడుగుతుంటే ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పాను. ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

డిప్లొమా అయ్యాక కచేరీలకు పక్కవాద్యం, పిల్లలకు పాఠాలు, పెళ్లిళ్ల సీజన్లో ఆర్కెస్ట్రా. అక్కడ కలిసిన గుంటూరు కీబోర్డు అన్నయ్య అంతకుముందు రెండు కాంట్రాక్టులు విహారయాత్రల ఓడల మీద చేసొచ్చాడు. "తీగవాద్యాల బృందాలకు మంచి గిరాకీ ఉందమ్మా. కానీ నొటేషన్ చదవాలి. మనలా విని వాయిస్తానంటే కుదరదు" అన్నాడు. స్వరం రాసుకుని వాయించడం మనకు తెలుసు కదా అనుకున్నాను. ఐదు గీతల మీద చుక్కలు చూసి, అంతకుముందు ఎన్నడూ వినని పాటను మొదటిసారే తాళం తప్పకుండా వాయించడం వేరే విద్య అని తర్వాత అర్థమైంది.

ఆదివారాలు పొద్దున్నే శాతవాహన ఎక్కి సికింద్రాబాద్‌లో పాశ్చాత్య వయొలిన్ నేర్పే మేడమ్ దగ్గరికి వెళ్లేదాన్ని. ఆవిడ మొట్టమొదట నా తీగలు విప్పి శ్రుతి మార్చారు. మన వయొలిన్ స-ప-స-ప. గాయకుడి శ్రుతి ఎక్కడుంటే మన షడ్జమం అక్కడ. వాళ్లకు నాలుగు తీగలూ నాలుగు ఖాయమైన స్వరాలు, ఒక్కో తీగ ముందుదానికి పంచమంలో ఉంటుంది. ఎవరి కోసమూ కదలవు. నా వేళ్లకు తెలిసిన ఇల్లంతా ఒక్కరోజులో సామాను మార్చి పెట్టినట్టయింది.

దానికంటే కష్టమైనది వయొలిన్ పట్టుకోవడం. మన పద్ధతిలో వాద్యం కాలి మీద ఆనుతుంది కాబట్టి ఎడమచెయ్యి బరువు మొయ్యదు, తీగ పొడవునా జారుతూ స్వరాన్ని ఊపే గమకం పలికిస్తుంది. నిలబడితే గడ్డానికీ భుజానికీ మధ్య వాద్యాన్ని బిగించాలి. నాలుగు నెలలు మెడ ఎడమవైపు తిరగలేదు. అమ్మ రాత్రిపూట ఆముదం కాచి రాసేది. ఇంకోటి, నా స్వరం నిలకడగా నిలవదు. గాంధారం మీద వేలు పెట్టగానే దానంతటదే ఊగుతుంది. "ఆ స్వరాన్ని తిన్నగా ఉండనివ్వు" అని మేడమ్ రోజూ అనేవారు. తిన్నగా ఉంచితే ప్రాణం లేనట్టు అనిపించి ఏడుపొచ్చేది.

అప్పుడు దారి చూపింది మా మాస్టారే. "నోటుస్వరాలు ఎత్తుకో" అన్నారు. ముత్తుస్వామి దీక్షితులు ఆంగ్లేయుల బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టిన చిన్నచిన్న కృతులవి. శంకరాభరణ స్వరాలే, గమకం దాదాపు ఉండదు. బ్రిటిష్ జాతీయగీతం వరస కూడా అందులో ఒకటి. చిన్నప్పుడు పిల్లల పాఠాలనుకుని వదిలేసినవాటిని ఇప్పుడు నిలబడి, పాశ్చాత్య శ్రుతిలో, పుస్తకం చూస్తూ వాయించాను. తిన్నగా ఉన్న స్వరం కూడా అందంగా ఉంటుందని నా చెవి ఒప్పుకున్నది అక్కడే. అసలు వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చింది దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులే. రెండు వందల ఏళ్ల కిందట ఆయన కూడా ఒక యూరోపియన్ దగ్గర కూర్చుని ఈ చుక్కలే చూసి ఉంటాడనుకుంటే నాకు ధైర్యం వచ్చేది.

రెండేళ్లయ్యాక ఆడిషన్. వీడియో ఎడిట్ చెయ్యకూడదు, ఒకే టేకు. క్లాసికల్ ఒకటి, సినిమా సంగీతం ఒకటి, నడుస్తున్న పాప్ పాట ఒకటి. అది నచ్చాక కంప్యూటర్ ముందు ప్రత్యక్ష పరీక్ష: తెరమీద కాగితం పెడతారు, అర నిమిషం చూడనిస్తారు, వాయించాలి. మొదటిసారి పోయింది. కన్ను చేతికంటే కాస్త ముందుండాలి, నా కన్ను చేతిని అంటిపెట్టుకుని ఉంది. ఆరు నెలలు రోజుకు ఇరవై కొత్త కాగితాలు వాయించాను, ఒక్కటీ రెండోసారి ముట్టుకోకుండా. ముట్టుకుంటే కంఠస్థమైపోతుంది, మన చదువు అలాంటిది. రెండోసారి తీసుకున్నారు.

ఈలోపు జరిగింది ఒకటి తప్పకుండా చెప్పాలి. మొదటి ఆడిషన్ పోయిన బాధలో ఉండగా ఒక ఏజెంటు ఫోన్ చేసి లక్షన్నర కడితే ఓడ ఉద్యోగం ఖాయమన్నాడు. నాన్న పీఎఫ్ డబ్బు తియ్యడానికి సిద్ధపడ్డారు. కీబోర్డు అన్నయ్యకు ఫోన్ చేస్తే గట్టిగా కేకలేశాడు. ఓడ మీద పనిచేసే ప్రతివారూ, వంటవాళ్లూ వాద్యకారులూ సహా, సముద్ర కార్మికుల అంతర్జాతీయ ఒప్పందం కిందికి వస్తారు. ఉద్యోగం ఇప్పించినందుకు అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోవడాన్ని ఆ ఒప్పందం నిషేధించింది. మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. పాస్‌పోర్టు, నావికుల పుస్తకం, చట్టప్రకారం కావలసిన ఆరోగ్య ధ్రువపత్రం ఖర్చు మనం పెట్టుకోవాల్సి రావచ్చు, వీసా ఖర్చు మాత్రం ఓడ యజమానిదే. మనుషుల్ని పంపే సంస్థకు ఆర్‌పీఎస్‌ఎల్ అనే లైసెన్సు ఉండాలి, ఓడల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీ షిప్పింగ్ వెబ్‌సైటులో ఆ నంబరు సరిచూసుకోవచ్చు. మా ఇంట్లో ఆ లక్షన్నర మిగిలింది ఒక్క ఫోన్ వల్ల. మీరూ ఆ ఫోన్ చెయ్యండి, ఎవరికైనా చెయ్యండి.

తర్వాత కాగితాలు. పాస్‌పోర్టు ఉంది. నావికులకిచ్చే ఇండోస్ నంబరు తీసుకుని, చెన్నైలో ప్రాథమిక భద్రతా శిక్షణకు పినాకినిలో వెళ్లాను. నీళ్లలో ప్రాణం కాపాడుకోవడం, మంటలార్పడం, ప్రథమ చికిత్స, ఓడలో నడవడిక, దానికితోడు రక్షణ కోర్సు.

నేను కృష్ణ ఒడ్డున పుట్టాను కానీ నాకు ఈత రాదు. 2016 పుష్కరాల్లో కూడా అమ్మ చెయ్యి వదలకుండా మూడు మునకలు వేసి గట్టెక్కాను. ఆ కొలను అంచున లైఫ్‌జాకెట్ వేసుకుని నిలబడితే కింద నీళ్లు కనబడలేదు, నల్లటి గుంట కనబడింది. శిక్షకుడు పెద్దాయన, తమిళయాస తెలుగులో "ముక్కు మూసుకో తల్లీ, దూరంగా చూడు, ఒక అడుగు వెయ్యి. దూకవద్దు, అడుగు వెయ్యి" అన్నారు. వేశాను. మునిగి, జాకెట్ పైకి లాగేసరికి నోట్లో క్లోరిన్ రుచి, చెవుల్లో చప్పట్లు. మధ్యాహ్నం బోర్లాపడ్డ రబ్బరు తెప్పను తిరగెయ్యడం కూడా చేశాను. ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేసి ఆపకుండా అదే చెప్పాను.

వైద్య పరీక్షలు మామూలే, చెవుల పరీక్ష కాస్త శ్రద్ధగా చేశారు. ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో వేయించుకున్నాను. ప్రయాణానికి పది రోజుల ముందే వేయించుకోవాలి, ఒక్కసారి వేస్తే జీవితాంతం చెల్లుతుంది. ఓడ చలికాలానికి అట్లాంటిక్ దాటి ఫ్లోరిడా వైపు వెళ్తుంది కాబట్టి అమెరికా వాళ్లు ఓడ సిబ్బందికిచ్చే సీ1/డీ వీసా కూడా కావాలి. నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో అధికారి "ఏం వాయిస్తావు?" అని అడిగింది, చెప్పాను. కాంట్రాక్టు కాగితం చూసింది. రెండు నిమిషాల్లో అయిపోయింది.

అమ్మ ఒప్పుకోవడానికి మాత్రం అంతకంటే ఎక్కువ కాలం పట్టింది. "నీళ్లమీద ఉద్యోగమేంటే, ఆడపిల్లవి" అని నెలరోజులు అదే మాట. నేను వాదించలేదు. కాంట్రాక్టు తెలుగులో చదివి వినిపించాను: రోజులో కనీసం పది గంటల విశ్రాంతి, వారానికి డెబ్బై ఏడు, తిరుగు టికెట్టు వాళ్లదే, ఆడవాళ్లకు ఆడవాళ్లతోనే గది. అమ్మ అంతా విని, "తిరుగు టికెట్టు సంగతి ఇంకోసారి చదువు" అంది.

ఆగస్టులో ఎక్కాను. నా గది నీటిమట్టం కింద, కిటికీ లేదు. పై బెర్తు నాది, కింద బెర్తు చెల్లో వాయించే ఉక్రెయిన్ అమ్మాయిది. మొదటి రోజే నా చేతికి ఇచ్చింది సంగీతం కాగితం కాదు, అత్యవసర విధుల కార్డు. ప్రమాదంలో మెట్ల దగ్గర నిలబడి ప్రయాణికులకు దారి చూపడం నా పని. ప్రమాద సంకేతం ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఛందస్సులో ఏడు లఘువులు, ఒక గురువు. రైల్వే ఇంట్లో పుట్టినదాన్ని, కూతలకు అర్థాలుంటాయని నాకు చిన్నప్పటినుంచే తెలుసు. వారం వారం డ్రిల్లులో ఆ కూత వినగానే వెన్ను నిటారయ్యేది.

రాత్రికి నాలుగు విడతలు, ఒక్కోటి ముప్పావు గంట, మధ్యలో పావుగంట. ఎదురుగా కూర్చుని వినేవాళ్లు పదిమంది, నడిచి వెళ్లిపోయేవాళ్లు వందలు. మన సభల్లో తల ఊపే రసికులకు అలవాటు పడ్డ నాకు మొదటి రెండు వారాలు అది గుచ్చుకుంది. తర్వాత ఒక ముసలాయన రోజూ ఒకే కుర్చీలో, భార్య చెయ్యి పట్టుకుని కూర్చోవడం చూశాను. ఆ కుర్చీ వైపు తిరిగి వాయించడం మొదలుపెట్టాక ఇబ్బంది తగ్గింది.

రేవుల గురించి అందరూ అడుగుతారు. రేవులో ఓడ ఆగినంత మాత్రాన దిగిపోవడం కుదరదు. ఓడ ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదు కాబట్టి సిబ్బందిలో కొందరు వంతులవారీగా లోపలే ఉండాలి. వంతు లేనినాడు కూడా రిహార్సలుంటుంది, డ్రిల్లుంటుంది. మిగిలేది నాలుగైదు గంటలు. ఓడ మన కోసం ఆగదు. అందుకే నేనొక నియమం పెట్టుకున్నాను: నడిచి వెళ్లగలిగినంత దూరం, ఊరికి ఒకే చోటు. రోమ్‌కు దగ్గరి రేవు చివితావెక్కియాలో అన్నిసార్లు ఆగినా రోమ్ చూడలేదు. రైలు గంట పోను, గంట రాను, మధ్యలో భయం. నాకు అదేం బాధగా లేదు.

నేపుల్స్‌లో రేవు నుంచి నడిచి వెళ్తే సాన్ కార్లో ఒపేరా, 1737లో తెరిచింది. ఇంకాస్త లోపలికి వెళ్తే సాన్ సెబాస్తియానో వీధి, సంగీత వాద్యాల దుకాణాల వీధి. పై తీగ తెగిపోతే అక్కడే కొనుక్కున్నాను. కొట్టాయనకు ఇంగ్లీషు రాదు, నాకు ఇటాలియన్ రాదు. ఆయన తీగ బిగించి ఇచ్చాడు, నేను ఒక మోహన ఆలాపన అందుకున్నాను. లోపల్నుంచి ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. మాల్టా రాజధాని వాలెట్టాలో కోట తోటల్లో మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు. అది వినడానికే రెండుసార్లు ఎక్కాను.

కానీ నాకు అసలైన రేవు జెనోవా. వయొలిన్ విద్వాంసుడు పగనినీ పుట్టిన ఊరు. ఆయన తన వయొలిన్‌ను ఆ ఊరి పేరనే రాసిచ్చి పోయాడు. గ్వార్నేరి దెల్ జెసూ 1743లో చేసినది, దాని నాదం చూసి పగనినీ 'ఫిరంగి' అనేవాడట. గరిబాల్ది వీధిలో తుర్సి భవనంలో గాజుపెట్టెలో ఉంది. మూడు వారాలు నాకు వంతు పడి దిగలేకపోయాను. నాలుగో వారం వెళ్లాను. గదిలో నేనొక్కదాన్నే. గడ్డం ఆనిన చోట వార్నిష్ అరిగిపోయి చెక్క కనబడుతోంది. గడ్డం పట్టీ కనిపెట్టింది 1820 ప్రాంతంలో, ఆయన అది లేకుండానే వాయించాడు. మనమూ అంతే కదా అనిపించింది. నా మెడ ఎడమవైపు చెయ్యి పెట్టుకుని చూశాను, చర్మం నల్లగా కాయ కాసింది. చాలాసేపు నిలబడ్డాను. కాపలా ఆవిడ కుర్చీ చూపించింది, వద్దన్నాను.

అట్లాంటిక్ దాటేటప్పుడు రోజుల తరబడి నీళ్లే. ఆ ఖాళీలో నోటుస్వరాలు రెండు మా బృందంలో మిగతావాళ్లకు రాసిచ్చాను. మొదటిసారి చూసి వాయించేశారు. నాకు మూడేళ్లు పట్టిన పని. సాయంత్రం విడతలో వాయిస్తే ఒక ఇంగ్లీషు పెద్దావిడ వచ్చి, ఇది ఎక్కడో విన్నానమ్మా, ఏ పల్లెది అని అడిగింది. తంజావూరు వైపుదని చెప్పాను. నమ్మలేదు. కరేబియన్ రేవుల్లో సముద్రం రంగు బావుంది, ఎండ మాత్రం మన మే నెల ఎండే, నేను పెద్దగా తిరగలేదు.

ఫిబ్రవరిలో దిగి ఇంటికొచ్చిన మూడోరోజు మాస్టారి దగ్గరికి వెళ్లాను. తీగలు దించి స-ప-స-ప చేసుకుని కింద కూర్చుంటే మోకాలు పట్టేసింది. వర్ణం సగంలో ఆపి, గాంధారం బిగిసిపోయిందని, రోజూ రెండు గంటలు తోడి రాగం వాయించమని చెప్పారు. జూన్లో మళ్లీ వెళ్తున్నానంటే సరేనన్నారు. తర్వాత జెనోవా సంగతి చెప్పాను. కళ్లు మూసుకుని విన్నారు.

"దాన్ని ఏ శ్రుతిలో ఉంచారమ్మాయ్?" అన్నారు.

"గాజుపెట్టెలో ఉంది మాస్టారూ. వినబడలేదు."

"ఈసారి వెళ్తే అడుగు" అన్నారు.