పర్లాకిమిడి పెరళ్లలో కాయలు కోసి పంచిన మా మొదటి వేసవి

ఒడిశాలోని పర్లాకిమిడిలో పాత ఇళ్లు వీధివైపు ఇరుకుగా, వెనక్కి పొడవుగా ఉంటాయి. మా వీధిలో అయితే పెరట్లో ఒక మామిడో, పనసో, జామో లేని ఇల్లు అరుదు. 2018 అక్టోబరు 11 వేకువన పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాలో లెక్కలేనన్ని చెట్లను కూల్చింది. మా పెరటి సువర్ణరేఖ మామిడి, ఇక్కడి ఒడియావారు సుందరి అనే రకం, వేళ్లతో సహా ఒరిగిపోయింది. మరుసటి వేసవిలో మామిడిపండును బజారులో కొనుక్కోవలసి వచ్చినప్పుడు గాని, నిలిచిన చెట్ల కింద ఎన్ని పళ్లు రాలి కుళ్లిపోతున్నాయో నా కంటికి ఆనలేదు. పిల్లలు విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో స్థిరపడి, ఎక్కి కోసే మనిషి లేక, వృద్ధులు మాత్రమే మిగిలిన ఇళ్లవి. అక్కడికి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉన్న ఆసుపత్రి ఆవరణలో, కొండ ఊళ్ల నుంచి రోగుల వెంట వచ్చిన సవర గిరిజన కుటుంబాలు అటుకులు నానబెట్టుకుని పూట గడుపుకోవడమూ నేను రోజూ చూసేదే.

ఈ రెండింటినీ కలపవచ్చునని చెప్పింది టొరంటోలో ఉంటున్న మా మేనకోడలు. అక్కడ నాట్ ఫార్ ఫ్రమ్ ది ట్రీ అనే సంస్థ 2008 నుంచి ఇళ్ల ఆవరణల్లోని పళ్లను స్వచ్ఛందంగా కోసి, ఒక వంతు ఇంటివారికి, ఒక వంతు కోసినవారికి, ఒక వంతు అవసరమున్నవారికి ఆహారం అందించే సంస్థలకు ఇస్తుందని ఆమె ఫోనులో వివరించింది. మా వీధివాళ్లం ఆరుగురం ఆ పద్ధతిని కొంత మార్చుకున్నాం: ముందుగా ఇంటివారు తమకు కావలసినంత ఏరుకోవాలి, ఆవకాయకో, ఒడియా ఇళ్లలో ఉప్పువేసి ఎండబెట్టుకునే ఆంబులకో అడిగితే కాదనకూడదు, కోసినవాళ్లు తలా రెండు పళ్లకు మించి ఇంటికి పట్టుకెళ్లకూడదు.

చెట్టు ఎక్కడం కంటే అడగడం కష్టమని మొదటి ఇంట్లోనే తెలిసింది. రెండు చెట్లున్న మామ్మగారు మమ్మల్ని గుమ్మంలోనే నిలబెట్టి, "కాయలు కావాలంటే ఇస్తాను గానీ బాబూ, చెట్టును కొట్టించుకోలేను. ఆ మధ్య బేరగాళ్లు వచ్చి కర్రలతో బాదీసి పోయారు, మరుసటేడు పూతే రాలేదు" అన్నారు. ఆమె కోపానికి గట్టి కారణమే ఉంది. మామిడి పూత కొమ్మల చివర్లలో, ముదిరిన రెమ్మలకు వస్తుంది. కాయతో పాటు రెమ్మ విరిగితే వచ్చే ఏడు ఆ చోట పూత ఉండదు. అది తెలియని మేము నాలుగు రోజులు తిరిగి తిరిగి బతిమాలాము. చివరకు, కొట్టబోమనీ, కొమ్మలు ఊపబోమనీ, కొనకొమ్మల కాయలు పిట్టలకు వదిలేస్తామనీ మాటిచ్చిన తరువాతే ఆమె దొడ్డి తలుపు తాళం తీశారు.

ఆమె ఇంట్లో మాట నిలుపుకున్నాము గాని, పక్క వీధిలో తాళం వేసి ఉన్న మరో ఇంట్లో, యజమాని ఫోనులో అనుమతి ఇచ్చాడన్న ధైర్యంతో, త్వరగా ముగించాలని కొమ్మలు పట్టి ఊపాము. అరగంటలో మూడు గోనెసంచులు నిండాయి. వాటిని అలాగే ఒకదానిమీద ఒకటి పెట్టి ఆటోలో ఒక బాలుర వసతి గృహానికి చేర్చి, సంతోషంగా ఇంటికి వచ్చాము. నాలుగో రోజున అక్కడి వార్డెన్ నన్ను పిలిచి సంచులు విప్పి చూపించారు. పైకి పచ్చగా ఉన్న కాయను వేలితో నొక్కితే మెత్తగా దిగిపోయింది. కోసి చూస్తే నేలకు తగిలిన వైపు కండ గోధుమరంగుకు తిరిగి, పులిసిన వాసన కొట్టింది. సగానికి పైగా పారబోయవలసి వచ్చింది. పిల్లల చేతిలో పెట్టామనుకున్న పండు చెత్తకుండీలో పడినందుకు నాకు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు.

ఆ తరువాత పని నేర్చుకుని చేశాము. మామ్మగారి ఇంటి వెదురు దోటి చివర చిక్కం కట్టించి, కాయ అందులోనే పడేలా కోశాము. కరెంటు తీగలున్న వైపు, వాన పడిన ఉదయం, ఆ దోటిని కూడా ఎత్తనివ్వలేదు. కాయ పరువానికి వచ్చిందా లేదా అన్నది ముచ్చిక దగ్గర భుజాలు ఉబ్బడాన్ని బట్టి, చెట్టున ఒకటి రెండు పళ్లు వాటంతటవే పండి రాలడాన్ని బట్టి తెలుసుకున్నాము. ముచ్చిక దగ్గరికంటా తెంపితే సొన చిమ్మి తొక్కమీద నల్లటి చారలు కడుతుంది, అక్కడి నుంచే కుళ్లు మొదలవుతుంది. అందుకని వేలి గోరంత తొడిమ ఉంచి కోసి, కింద కత్తెరతో దాన్ని కత్తిరించి, కాయను బోర్లించి కొబ్బరాకుల చాప మీద పెట్టి సొన పూర్తిగా కారనిచ్చాము. మాలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లే ఒకామెకు మొదటి రోజే మణికట్టు మీద బొబ్బలు లేచాయి. జీడి, మామిడి ఒకే కుటుంబపు చెట్లు కనుక, జీడిపిక్క తొక్కలోని నూనె పడని ఒంటికి మామిడి సొన కూడా పడకపోవచ్చు. ఆమెను తూకం, లెక్క చూసే పనికి మార్చాము.

మగ్గబెట్టడం మామ్మగారే తన సావిట్లో నేర్పారు. వరిగడ్డి ఒక పొర, కాయలు ఒక వరస, మళ్లీ గడ్డి, పైన గోనెపట్టా. ప్రతి ఉదయం తీసి చూసి, మచ్చ కనిపించిన కాయను వేరు చేయాలి. కార్బైడు పొడి వేస్తే రెండు రోజుల్లో పసుపు రంగుకు తిరుగుతాయి కదా అని ఒక కుర్రవాడు అడిగినప్పుడు మాత్రం నేను గట్టిగానే చెప్పాను. కాల్షియం కార్బైడుతో పళ్లు మగ్గించడాన్ని ఆహార భద్రతా సంస్థ 2011 నిబంధనలు స్పష్టంగా నిషేధించాయి. రోగుల వాళ్లకు ఇవ్వబోయే పండును అలా ముట్టుకోవడం ఏ విధంగానూ తగదు.

ఆసుపత్రిలో నర్సుల అనుమతి తీసుకుని, రోగులకు కాక వెంట వచ్చినవారికే, కోయని పండుగానే ఇచ్చాము. మొదటి రోజు వరుసలో నిలబెట్టి పంచితే పెద్దవాళ్లు ఎవరూ లేవలేదు, పిల్లలను పంపారు. మరునాడు చెట్టు కింద చాప పరచి, గంప మధ్యలో పెట్టి, మేమూ పక్కనే కూర్చుని తిన్నాము. అప్పుడు ఒక సవర ముసలాయన వచ్చి, తన సంచిలోంచి గుప్పెడు చింతపండు తీసి గంప పక్కన పెట్టి, మూడు పళ్లు ఏరుకున్నాడు. ఆ చింతపండును మాలో ఎవరూ వద్దనలేదు. మామ్మగారి ఇంట్లో పప్పులో పడింది.

పనస గురించి చెప్పవలసింది తక్కువ. మోకు కట్టి దించాలి, ముళ్లు ఎడమై వాసన పట్టిన రోజే దించాలి, చేతికీ కత్తికీ నూనె రాసుకుని అక్కడికక్కడే తొనలు తీసి ఆ సాయంత్రానికే పంచేయాలి. మేము మూడే దించాము.

జూన్ నడుమ వచ్చే ఒడియావారి రజ పండుగకు మామిడి పని ముగిసింది. మొత్తం పదకొండు ఇళ్లు. చివరి రోజున దోటి తిరిగి ఇవ్వడానికి వెళ్తే మామ్మగారు పెరట్లో తలెత్తి కొనకొమ్మల వైపు చూస్తూ, "పిట్టలకని తొమ్మిది ఉంచారు, నేను లెక్కపెట్టాను" అన్నారు. తరువాత దోటిని నా చేతిలోంచి తీసుకోకుండా, చిక్కం తాడు నలిగిపోయిందనీ, వచ్చే ఏటికి కొత్తది అల్లించి తెమ్మనీ చెప్పారు.