దక్షిణ సూడాన్‌కు సర్దిన పెట్టె

మా అక్క కొడుకు మన సైన్యం తరఫున ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో దక్షిణ సూడాన్‌కు వెళ్లినప్పటి నుంచి, పాలకొల్లు దగ్గర మా ఊళ్లో గుమ్మం తొక్కిన ప్రతివారూ వాడికి ఏదో ఒకటి పంపమని చెబుతూనే ఉన్నారు. పంపాలన్న ఆరాటం అందరికీ ఉంది గాని, ఏది చెడకుండా చేరుతుంది, చేరినది అక్కడ ఎందుకు పనికివస్తుంది అని ఆలోచించేవారు తక్కువ. పెట్టె సర్దే పని నా మీద పడింది కాబట్టి, నేను ఎంచుకున్నవీ పక్కన పెట్టినవీ కారణాలతో సహా రాస్తున్నాను.

చిరునామా దగ్గర పెద్ద చిక్కేమీ లేదు. సైనికుడి నంబరు, హోదా, పేరు, యూనిట్, వాటి కింద ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అని రాస్తే చాలు; ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. దేశం పేరు, ఊరి పేరు రాయకూడదు. అక్కడి నుంచి పెట్టెను గమ్యానికి చేర్చేది 1972లో ప్రత్యేక కోర్‌గా ఏర్పడిన సైనిక తపాలా విభాగం. అయితే దారిలో వారాలు గడిచిపోవచ్చు కనుక, నెల రోజులు నిలవని పదార్థాన్ని నేను లెక్కలోకే తీసుకోలేదు.

ఆ లెక్కతో మొదట పక్కకు వెళ్లినవి పూతరేకులు. గోదావరికి అవతల ఉన్న ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, అవి లేకుండా మన వైపు నుంచి కానుక ఏమిటని అక్క నొచ్చుకుంది. తిరగేసిన కుండ మీద పిండినీళ్ల గుడ్డ ఒక్కసారి లాగితే వచ్చే ఆ పొర, పోస్టు సంచులు ఒకదాని మీద ఒకటి పడే దారిలో పొడిపొడి కాక ఏమవుతుంది? అవి వాడు సెలవుకు వచ్చినప్పుడు తింటాడులే అని సర్దిచెప్పాను. కొబ్బరి లౌజు పచ్చికొబ్బరితో చేసేది, నాలుగు రోజులకే వాసన వేస్తుంది. పోనీ అంబాజీపేట నుంచి తెప్పించిన కురిడీలు పెడదామంటే అదీ కుదరదు. ఎండుకొబ్బరిలోని నూనె వల్ల అది తనంతట తాను వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉందని విమానయాన నిబంధనలు దానిని ప్రమాదకర సరుకుల జాబితాలో చేర్చాయి. కొబ్బరితోటల మధ్య బతికే మనకు ఇది వింతగానే తోస్తుంది. పవర్ బ్యాంకు, సెంటు సీసా కూడా ఇలాంటి కారణాలతోనే పెట్టెలోకి ఎక్కలేదు.

ఆవకాయ విషయంలో ఇంట్లో చిన్న యుద్ధమే జరిగింది. ఎంత బిగించినా నూనె ఊరి మిగతావన్నీ పాడుచేస్తుందని నా వాదన, అన్నంలోకి ఆవకాయ లేకపోతే వాడికి ముద్ద దిగదని అక్క వాదన. చివరికి కంది పొడి, నువ్వుల పొడి, కరివేపాకు పొడి దగ్గర ఇద్దరం రాజీపడ్డాం. శిబిరంలో అన్నం, పప్పు, కూర ఎలాగూ దొరుకుతాయి; దొరకనిది నాలుకకు తగిలే మన కారం.

ఈ విషయంలో నాకు అందరికన్నా పనికివచ్చిన మాట చెప్పినది మాధవరంలో ఉండే మా దూరపు బంధువు, మాజీ హవల్దారు. తాడేపల్లిగూడెం దగ్గర ఉన్న ఆ ఊరిని మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. పార్సెల్ ఏనాడూ ఒక్కడిది కాదని, పెట్టె విప్పేసరికి చుట్టూ పదిమంది చేరతారని, అందులో తెలుగు రానివారే ఎక్కువని ఆయన అన్నారు. ‘‘అమ్మాయీ, వాడికి ఇష్టమైనది కాస్త పెట్టు, పంచడానికి వీలైనది దండిగా పెట్టు’’ అన్నది ఆయన సలహా. అందుకే చేగోడీలలో కారం తగ్గించి, సున్నుండలు చిన్నవిగా చుట్టాం. సున్నుండలో వేయించిన మినపపిండి, బెల్లం, నెయ్యి తప్ప నీటి తడి ఉండదు, అందుకే నిలుస్తుంది. చేగోడీలు మాత్రం పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. వేడి మీద మూత పెడితే లోపల చెమట పట్టి మర్నాటికే మెత్తబడతాయి. మా వదిన గారు ఒకటి విరిచి, ఆ చప్పుడు విన్న తర్వాతే మూత బిగించారు.

తినేవి కానివాటిలో నేను గట్టిగా పట్టుబట్టినవి నూలు మేజోళ్లు, కాళ్లకు చల్లుకునే పౌడరు, రెండు పలుచని తువ్వాళ్లు. వాడున్న చోట సుమారుగా మే నుంచి అక్టోబరు దాకా వానలు; నేల నల్లరేగడి. తడిస్తే ఆ మట్టి కాలిని ఎలా పట్టుకుంటుందో మన చేలగట్ల మీద నడిచినవారికి వేరే చెప్పక్కరలేదు. దినమంతా బూట్లలో నానే కాలికి ఇవి అందంగా చుట్టిన ఏ కానుక కన్నా మేలు. దేవుడి పటం పెట్టమని కొందరు అన్నారు, అది వాడి సంచిలో బయలుదేరిన రోజే ఉంది.

డబ్బాల మధ్య ఖాళీలు నింపడానికి పాత పేపర్లు ఉండలు చుట్టి కూరాను. వాటిని చదును చేసి, కాలువలకు నీళ్లు వదిలిన వార్తా, మన మండలం కబుర్లూ అన్నీ చదివానని వాడు ఫోనులో చెప్పాడు. ఇకమీదట జిల్లా పేజీలను నలపకుండా, మడతపెట్టి అడుగున పరుస్తాను. చేగోడీలు రెండో రోజుకే అయిపోయాయట, తమిళ కుర్రాళ్లు మళ్లీ ఎప్పుడని అడుగుతున్నారట. సంక్రాంతికి అందాలంటే తర్వాతి పెట్టె కార్తీకంలోనే పోస్టులో వేయాలి, అందుకు మినుములు ఇప్పటికే ఎండబెట్టాం.